నాదేం తప్పయిందక్కా?

1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పుడు నల్గొండ రామగిరిలో మా వాడకట్టున కేబుల్ ఉన్న ఇళ్ళు తక్కువ. మా వెనక సందులో ఒక టీచరమ్మ ఇంట్లో కలర్ టీవీ ఉండేది. ఆ ప్రోగ్రాం వచ్చే రాత్రి ఆమె ముందుగదిలో చాపలు పరిచి ఉంచేది. పిల్లలం కింద, పెద్దవాళ్ళు గోడవారగా వేసిన బెంచీ మీద. కరెంటు పోవద్దని లతీఫ్ సాహెబ్ గుట్ట దిక్కు తిరిగి దండం పెట్టుకునేవాళ్ళం. రియాలిటీ షో అనే పేరు అప్పటికి మా చెవిన పడలేదు. పాటల పోటీ, అంతే.

మా నాయన ఒక ఆఫీసులో గుమస్తా. శనివారం రామాలయంలో భజనకు హార్మోనియం ముందు కూర్చునేవాడు. టీచరమ్మ ఇంటికి వచ్చేటప్పుడు చంకలో టేప్ రికార్డర్ పట్టుకొచ్చి, టీవీ స్పీకర్‌కు ఆనించి పెట్టి, రికార్డు బటన్, ప్లే బటన్ కలిపి నొక్కేవాడు. ఆ తర్వాత ఎవరూ దగ్గకూడదు, తుమ్మకూడదు. అయినా మా క్యాసెట్లన్నిటిలో పాటల మధ్య కుక్కర్ విజిల్ ఉంటుంది, ఏదో పిల్లవాడి ఏడుపు ఉంటుంది, ‘ఇష్, సప్పుడు చెయ్యకురి’ అని నాయన గొంతే ఉంటుంది. మరునాడు ఇంట్లో ఆ క్యాసెట్ వేసుకున్నప్పుడు ఆయన వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ వినేది పిల్లలు పాడిన పాటను కాదు, పాట అయ్యాక బాలు గారు చెప్పిన మాటల్ని. మాట మధ్యలో ఊపిరి ఎందుకు తీసుకోకూడదు, చరణంలో ఏ స్వరం దగ్గర శృతి జారింది, ఫలానా అక్షరం ఒత్తి పలకకపోతే అర్థం ఎట్లా మారిపోతుంది. పాట రాసినవాళ్ళు, బాణీ కట్టినవాళ్ళు ఏం అనుకుని ఉంటారో కూడా చెప్పేవారు ఆయన. ఆ మాటలు వింటూ నాయన తన పాతికేళ్ళ భజన పాటల్ని సరిచేసుకోవడం నేను కళ్ళారా చూశాను.

అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఆ షోలో ఓడిపోయిన పిల్లలు కూడా నాకు గుర్తున్నారు. ఎందుకంటే వాళ్ళు స్టేజీ దిగేటప్పుడు చేతిలో ఒక పని ఉండేది. ఇంటికి పోయి ఇది సరిచేసుకోవాలి అనే పని. ఉష, గోపిక పూర్ణిమ లాంటి వాళ్ళు ఆ వేదిక నుంచే సినిమా పాటల్లోకి వచ్చారు, ఆ సంగతి అందరికీ తెలుసు. కానీ అక్కడ ఓడి ఇంటికెళ్ళి బడిపంతులో, బ్యాంకు ఉద్యోగో అయి, ఇప్పటికీ పెళ్ళిళ్ళలో హాయిగా పాడుకుంటున్న వాళ్ళు ఎంతమందో ఉండి ఉంటారు. నాకు వాళ్ళే ముఖ్యం. పోటీకి వచ్చిన పిల్లల్లో గెలిచేది ఒక్కరు. మిగతా వాళ్ళంతా ఓడే వాళ్ళే కదా. ఆ ఓడిన పిల్లలతో ఎట్లా మాట్లాడారన్న దాన్ని బట్టే నేను ఏ షోనైనా మంచిదా కాదా అని చూస్తాను.

2000లో హిందీలో కౌన్ బనేగా కరోడ్‌పతి వచ్చినప్పుడు మా ఊరి హాస్టల్ పిల్లల చేతుల్లో జనరల్ నాలెడ్జ్ పుస్తకాలు కనబడ్డాయి. హిందీ సగం సగమే అర్థమైనా అమితాబ్ అడిగే ప్రశ్నకు ముందే జవాబు అరిచేవాళ్ళు. అది మంచి రోజే. ఆ ఆటలో కూడా తప్పు జవాబు చెప్తే ఒప్పు ఏమిటో వెంటనే తెలిసిపోతుంది.

లెక్క మారింది ఓట్లతో. 2006లో హిందీ పాటల పోటీ ఇండియన్ ఐడల్ రెండో సీజన్ ఫైనల్‌కు మన తెలుగు పిల్లవాడు కారుణ్య వెళ్ళాడు. ప్రకాశం బజార్‌లో రీఛార్జ్ కార్డులు అమ్మే షాపుల దగ్గర కాలేజీ పిల్లలు గుంపులు గుంపులుగా నిలబడి ఎస్సెమ్మెస్‌లు కొట్టడం నాకు బాగా గుర్తు. మామూలు మెసేజ్ కంటే ఎక్కువ కోత పడేది దానికి. అయినా ఎవరూ వెనకాడలేదు. చివరికి సందీప్ ఆచార్య గెలిచాడు. మా వాడంతా ‘వాళ్ళ దిక్కోళ్ళు ఓట్లు గుద్దుకున్నరు’ అని బాధపడింది. 2010లో అదే పోటీలో మన శ్రీరామచంద్ర గెలిచినప్పుడు గడియారం సెంటర్లో పటాకులు కాల్చారు. ఇద్దరూ గొప్పగా పాడినవాళ్ళే, నాకు ఇష్టమైన గొంతులే. కానీ ఆ రెండుసార్లూ మా పిల్లలు పాట గురించి మాట్లాడింది తక్కువ. ఎన్ని ఓట్లు, ఏ రాష్ట్రం, ఏ సిమ్ నుంచి ఎన్ని పంపొచ్చు, ఇదే మాట. టీవీ ముందు కూర్చుని పాట నేర్చుకునే పిల్లలు, టీవీ ముందు కూర్చుని ఓట్లు లెక్కపెట్టే పిల్లలయ్యారు.

ఆ రోజుల్లోనే ఒక ఛానెల్ వాళ్ళు పాటల పోటీకి హైదరాబాద్‌లో ఆడిషన్స్ అని టీవీలో కింద పట్టీ వేశారు. మా చిన్నమ్మ బిడ్డది మునుగోడు దిక్కు పల్లె. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆ ఊళ్ళో పాట ఎత్తేది ఆమెనే. అప్పటికి పదహారేళ్ళు. ఊళ్ళో ముసలమ్మలు కూడా ఆమె ఎత్తుకున్న పాటకే చప్పట్లు కలిపేవాళ్ళు. గొంతులో సన్నటి జీర ఒకటి ఉండేది, పై స్థాయికి పోయినప్పుడు ఆ జీర వల్లనే పాటకు ఎక్కడలేని దుఃఖం వచ్చేది. చిన్నమ్మ నన్ను తోడు పొమ్మన్నది.

నల్గొండలో తొలి బస్సు ఎక్కాం. నార్కట్‌పల్లి దాటే వేళకు తెల్లారింది. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, ఆటో మాట్లాడుకుని ఆ ఫంక్షన్ హాలుకు చేరేసరికే లైను రోడ్డు మీదికి వచ్చి ఉంది. గేటు దగ్గర ఒకాయన నంబరు రాసిన కాగితం ఇచ్చి చున్నీకి పిన్నుతో పెట్టుకోమన్నాడు. చిన్నమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా నా సంచిలో అట్లనే ఉంది, గొంతు పట్టుకుంటుందని ఈ పిల్ల ముట్టలేదు. పటికబెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, వేడినీళ్ళ సీసా పట్టుకుని, పెదవులు కదుపుతూ లోపల్లోపలే పాడుకుంటూ నిలబడింది. ముందున్న పిల్లలు ఒక్కొక్కరే లోపలికి పోయి నిమిషంలో బయటికి వస్తున్నారు. పొద్దు పడమటికి వాలాక మా నంబరు పిలిచారు. తోడు వచ్చిన వాళ్ళు తలుపు దగ్గరే ఆగాలన్నారు.

తలుపు సందులోంచి నాకు గొంతు ఒక్కటే వినబడింది. పల్లవి మొదటి లైను పాడింది. శృతి తప్పలేదు. నాకు సంగీతం రాదు కానీ నాయన క్యాసెట్లు విన్న చెవి నాది. రెండో లైను అందుకోబోతుంటే ‘చాలమ్మా, సెలక్ట్ అయితే ఫోన్ చేస్తాం’ అని ఒక మాట, ‘నెక్స్ట్’ అని ఇంకో మాట. అంతే.

బస్సులో చౌటుప్పల్ దాకా ఏం మాట్లాడలేదు. ఆ తర్వాత నా భుజం మీద తల పెట్టి అడిగింది. “నాదేం తప్పయిందక్కా? శృతి పోయిందా?”

“పోలేదే, నేను విన్న.”

“మరి పాట మంచిది ఎంచుకోలేదా? లంగావోణీ ఏసుకుని పోతె బాగుండెనా?”

నేను ఏదో చెప్పబోయాను. వినిపించుకోలేదు. కాసేపాగి తనే అన్నది: “నేను నల్లగున్న కదక్కా. టీవీల మంచిగ కనబడనని అనుకున్నట్టున్నరు.”

ఇంతకాలమైనా ఆ మాట నన్ను వదల్లేదు. ఆ టేబుల్ వెనక కూర్చున్నవాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలియదు. రంగు చూసి ఉండకపోవచ్చు. వాళ్ళకు ఆ రోజు వందల మంది గొంతులు వినాల్సిన పని ఉండి ఉంటుంది, అలిసిపోయి ఉంటారు. కానీ పదహారేళ్ళ పిల్లకు కారణం చెప్పకుండా పంపిస్తే, ఆ పిల్ల కారణం తనలోనే వెతుక్కుంటుంది. అదీ దిద్దుకోగలిగిన చోట వెతకదు. ముఖంలో, రంగులో, మాట యాసలో, పుట్టిన ఊళ్ళో వెతుక్కుంటుంది. ‘రెండో లైనుకు పోయేటప్పుడు తొందరపడ్డవమ్మా’ అని ఒక్క మాట అని ఉంటే సాధన చేసుకునేది. ఆ ఒక్క మాటకు ఎంతసేపు పడుతుంది?

వాళ్ళకు ఇచ్చిన ఫోన్ నంబరు ఊళ్ళో కిరాణా షాపాయనది. ఏదో ఒక వంక పెట్టుకుని రోజూ ఆ షాపుకు పోయేదట. ఆ ఏడు బతుకమ్మకు పాట ఎత్తలేదు. ‘నువ్వెత్తే బిడ్డా’ అని ముసలమ్మలు బతిమాలినా వెనక వరసలో నిలబడి చప్పట్లు మాత్రమే కొట్టింది. ఇప్పుడు ఆమెకు పెళ్ళయింది, అంగన్‌వాడీలో పనిచేస్తుంది, పిల్లలకు పాటలు నేర్పుతుంది. బాగానే ఉంది. కానీ పదహారేళ్ళకు మూగబోయిన ఆ పై స్థాయి గొంతు మళ్ళీ నేను వినలేదు.

2008లో కోల్‌కతా నుంచి ఒక వార్త వచ్చింది. ఒక డ్యాన్స్ షోలో జడ్జిలు గట్టిగా మందలించిన తర్వాత పదహారేళ్ళ అమ్మాయికి మాట పడిపోయింది, కాళ్ళూ చేతులూ ఆడలేదు, బెంగళూరులో నరాల, మనసు జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. జబ్బుకు ఆ తిట్లే కారణమా, ఇంకేమైనా ఉందా అని అప్పట్లో పెద్ద వాదనే నడిచింది. ఆ వాదన తేల్చే చదువు నాకు లేదు. ఆ వార్త చదివినప్పుడు మా చిన్నమ్మ బిడ్డ బస్సులో అడిగిన మాటే నా చెవిలో మోగింది.

తర్వాత డ్యాన్స్ షోల కాలం. చిన్నపిల్లల చేత పెద్దవాళ్ళ పాటలకు పెద్దవాళ్ళ స్టెప్పులు వేయించడం మామూలైపోయింది. వినాయక మండపాల దగ్గర ఆరేళ్ళ పాప ఆ స్టెప్పులు వేస్తుంటే తల్లిదండ్రులు మురిసిపోతూ సెల్‌లో వీడియో తీయడం చూసి నాకు కడుపులో దేవినట్టయ్యేది. 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖే ఛానెళ్ళకు సలహా పంపింది, డ్యాన్స్ షోలలో పిల్లల్ని వయసుకు తగని తీరుగా చూపించొద్దని. అంతదాకా రావాల్సింది కాదు.

ఇక బిగ్ బాస్. 1999లో నెదర్లాండ్స్‌లో పుట్టిన బిగ్ బ్రదర్ ఆట అది. తెలుగులో 2017లో జూనియర్ ఎన్టీఆర్‌తో మొదలై, మరుసటేడు నానితో, 2019 నుంచి నాగార్జునతో నడుస్తోంది. దాన్ని తిట్టిపోసి ఊరుకోవడం నాకు న్యాయంగా అనిపించదు, ఎందుకంటే అది మా ఇళ్ళకు కొన్ని మంచి సాయంత్రాలు కూడా ఇచ్చింది. 2020లో జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి గంగవ్వ ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు మా అత్తమ్మ ఎన్నడూ లేనిది టీవీ ముందు నుంచి కదల్లేదు. ‘మన తీర్గనే మాట్లాడ్తది సూడు’ అని మురిసిపోయేది. ఆరోగ్యం బాగాలేక ఆమె మధ్యలోనే వచ్చేసింది, అయినా మా కాలేజీలో పల్లె నుంచి వచ్చిన పిల్లలు తమ యాసలో గొంతు పెంచి మాట్లాడటం ఆ రోజుల్లో నేను గమనించాను. మేం చదువుకునేటప్పుడు ఆ యాసకు టీవీలో చోటు ఉండేది కాదు, ఉంటే నవ్వించడానికే ఉండేది.

ఆ సీజన్ మొదలైన నెలలోనే, సెప్టెంబర్ 25న, బాలు గారు పోయారు. కరోనా కాలం. ఎవరి ఇంట్లో వాళ్ళం. మా నాయన అప్పటికే లేడు. నేను అటక మీది అట్టపెట్టె దింపి ఆ క్యాసెట్లు తీశాను. వినడానికి ఇంట్లో టేప్ రికార్డర్ లేదు. నాయన చేతిరాతతో ‘పా.తీ. – బాలు మాటలు’ అని రాసిన అట్టల్ని చూస్తూ కూర్చున్నాను.

2023లో బిగ్ బాస్ ఏడో సీజన్. గజ్వేల్ దగ్గర కొల్గూరు రైతుబిడ్డ పల్లవి ప్రశాంత్ గెలిచాడు. అప్పుడు నేను ఇంటర్ ఫస్టియర్‌కు తెలుగు చెప్తున్నాను. ‘మీ నాన్న ఏం చేస్తాడు’ అని అడిగితే తల వంచుకునే పిల్లలు ఆ నెలల్లో ‘రైతు మేడమ్’ అని తలెత్తి చెప్పారు. అది చిన్న విషయం కాదు. ఫైనల్ అయిన రాత్రి, డిసెంబర్ 17న, జూబ్లీహిల్స్ దగ్గర గుంపులు గొడవపడి ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టాయి, కేసులయ్యాయి, అరెస్టులయ్యాయి. మా పిల్లల వాట్సాప్ స్టేటస్‌లలో ఆ వీడియోలే. అవి మన బస్సులే కదరా, రేపు పొద్దున నువ్వు పాసు పట్టుకుని ఎక్కేది ఆ ఆర్టీసీ బస్సే కదా అంటే, ‘మా అన్నకు అన్యాయం చేస్తుండ్రు మేడమ్’ అన్నాడొక పిల్లవాడు. ఆ ‘అన్న’ను వాడు ఎన్నడూ కలవలేదు.

అదే సీజన్‌లో మా క్లాసులో జరిగింది చెప్పాలి. సోమవారం రాత్రి టీవీలో నామినేషన్లు వస్తాయి, అంటే ఇంట్లోంచి ఎవరిని పంపాలో ఒకరి పేరు ఒకరు చెప్పడం. మంగళవారం ఒక పీరియడ్ ఖాళీ అయితే పిల్లలు క్లాసులోనే నామినేషన్లు పెట్టుకున్నారు. నేను పక్క గదికి పోతూ కిటికీలోంచి చూశాను. ఒక్కొక్కరు లేచి నిలబడి ఇద్దరి పేర్లు చెప్పాలి, కారణం చెప్పాలి. ఒక పిల్లవాడు డస్టర్‌ను మైకులా పట్టుకుని అచ్చం బిగ్ బాస్ గొంతుతో పిలుస్తున్నాడు. బోర్డు మీద పేర్లు, పేర్ల పక్కన గీతలు. అన్నిటికంటే ఎక్కువ గీతలు పడ్డ పేరు దేవరకొండ దిక్కు తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక అమ్మాయిది. ‘ఎవరితోని కలువది’, ‘సేఫ్ గేమ్ ఆడ్తది’, ‘కంటెంట్ ఇయ్యది’. ఇవీ కారణాలు. ఆ అమ్మాయి చివరి బెంచీలో నవ్వుతూనే కూర్చుంది. బోర్డు మీద గీత పడినప్పుడల్లా చేతిలో పెన్ను క్యాప్ తీసి పెడుతోంది, తీసి పెడుతోంది.

నేను లోపలికి పోగానే బోర్డు తుడిచేశారు. ‘ఆటనే మేడమ్’ అన్నారు. వాళ్ళు చెడ్డ పిల్లలు కారు. అంతకు నెల ముందే ఒక క్లాస్‌మేట్ తండ్రికి యాక్సిడెంట్ అయితే బస్సు ఛార్జీలు మిగిల్చి డబ్బులు పోగేసి ఇచ్చిన పిల్లలు. కానీ మరునాటి నుంచి ఆ అమ్మాయి కాలేజీకి రాలేదు. హాస్టల్‌కు పోయాను. మంచం మీద కూర్చుని ఉంది. చాలాసేపు ఏం చెప్పలేదు. చివరికి అడిగింది: “మేడమ్, నేనేం చేసిన? కలువక పోవుడు కూడా తప్పేనా?”

మా చిన్నమ్మ బిడ్డ అడిగిన ప్రశ్నే. అయితే ఈసారి కారణాలు చెప్పారు కదా అంటారేమో. అవి కారణాలా? శృతి పోయిందంటే సరిచేసుకోవచ్చు. ‘నువ్వు కంటెంట్ ఇయ్యవు’ అంటే ఏం సరిచేసుకుంటుంది? పాటకు మార్కులు వేయడం దగ్గర మొదలైంది, మనిషికి మార్కులు వేయడం దగ్గరికి వచ్చింది. పెద్దవాళ్ళు కాంట్రాక్టు మీద సంతకం పెట్టి, డబ్బు తీసుకుని ఆ ఇంట్లోకి పోతారు, పగలూ రాత్రీ తీసిన దాంట్లోంచి గంట కోసి మనకు చూపిస్తారు. మా పిల్లలు ఏ సంతకమూ పెట్టలేదు. వాళ్ళకు కోతలు లేవు, ప్రోమోలు లేవు, రేపు పొద్దున మళ్ళీ అదే బెంచీ.

నేను ఆ అమ్మాయితో ఎక్కువ చెప్పలేదు. నాకు రికార్డులు దిద్దడంలో సాయం కావాలి, వస్తావా అన్నాను. వచ్చింది. క్లాసులో మాత్రం కోప్పడలేదు, టీవీ చూడొద్దనీ అనలేదు. చూడొద్దంటే సెల్‌లో చూస్తారు. ‘ఒక మనిషి గురించి ఏదైనా చెప్పాలంటే, ఆ మనిషి రేపటి నుంచి ఏం చేస్తే మీకు బాగుంటుందో అది చెప్పండి. అది చెప్పలేకపోతే పేరు ఎత్తొద్దు’ అన్నాను. కాసేపటికి ఒక పిల్లవాడు లేచి, ‘మేడమ్, అట్లయితే నామినేషనే అయితలేదు’ అన్నాడు. నిజంగానే ఆలోచించి అన్నాడు. నాకు వాడి మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆ ఏడు నుంచే మా కాలేజీ వార్షికోత్సవం పోటీల్లో ఒక పద్ధతి పెట్టించాను. పాటకైనా, డ్యాన్సుకైనా, వక్తృత్వానికైనా, పాల్గొన్న ప్రతి పిల్లకూ జడ్జిలు రెండు లైన్లు రాసి ఇవ్వాలి. ఏది బాగుంది, ఏది దిద్దుకోవాలి. ఊరికే ‘గుడ్’ అని రాస్తే కాగితం వెనక్కి పంపిస్తాం. మొదట్లో జడ్జిలుగా వచ్చిన వాళ్ళు విసుక్కున్నారు, టైం సరిపోదన్నారు. మేం పాల్గొనేవాళ్ళ సంఖ్య తగ్గించకుండా పోటీని రెండు పూటలు పెట్టాం.

మొన్నటి పోటీలో జానపదం పాడిన ఒక పిల్లవాడికి బహుమతి రాలేదు. ‘మూడో చరణంలో తాళం ముందుకు పరుగెత్తింది’ అని కాగితంలో ఉంది. వాడు ఆ కాగితం పట్టుకుని నేరుగా జడ్జిగా వచ్చిన సంగీతం సార్ దగ్గరికి పోయాడు. “మా ఊళ్ళ గట్లనే పాడ్తరు సార్, కోలాటంల మూడో సుట్టుకు ఉరుకుడే ఉంటది” అని నిలదీశాడు. సార్‌కు మొదట కోపం వచ్చింది. తర్వాత డప్పు తెప్పించి, ‘ఏదీ, ఉరికి సూపెట్టు’ అన్నాడు. స్టేజీ వెనక ఇద్దరూ కూర్చున్నారు. వాడు పాడుతున్నాడు, సార్ దరువు వేస్తున్నాడు, ఆపుతున్నాడు, మళ్ళీ మొదలుపెడుతున్నాడు. బహుమతుల పంపిణీ అయిపోయి టెంటు వాళ్ళు కుర్చీలు మడుస్తున్నా వాళ్ళ వాదన తేలలేదు. చివరికి సార్ ఆ కాగితం తిరిగి తీసుకుని తన లైను కింద ఇంకో లైను రాశాడు: ‘ఉరుకుడు సరే, కానీ ఉరికే ముందు ఊపిరి తీసుకో.’